నీళ్ళు పట్టే సంచి

పోయిన గురువారం పొద్దున్న, పలాసలో మా ఇంటి అరుగు మీద చేపల బుట్ట దింపుతూ అక్కుపల్లి మనిషి ఒకామె చెప్పింది.

"బాబూ, మా సంచి తండేలు పోనాడు. ఇయ్యాలకి ఆరు రోజులు."

నా నోట ముందుగా వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎలా పోయాడు?" అన్నాను.

"మంచం మీదే బాబూ. రెండ్రోజులు జొరం కాసినాది, అంతే."

"నిజంగా మంచం మీదేనా?"

ఆమె బుట్ట మీది గుడ్డ తియ్యడం ఆపి నా ముఖంలోకి చూసింది. "సావులో అబద్దమేటుంటాది బాబూ?"

నాకు సిగ్గేసింది. కాని అతని సంగతి ఏదైనా సరే రెండోసారి అడగకుండా నమ్మే అలవాటు మా తీరంలో ఎవరికీ లేదు. మమ్మల్నే అనడం ఎందుకు, అతనూ ఎవర్నీ నమ్మేవాడు కాడు.

పడవ నడిపించే పెద్దను మా వైపు తండేలు అంటారు. జర్మనీ యుద్ధం ముగిసిన కొత్తలో మా నాన్న నన్ను అతని పడవ ఎక్కించాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. టెక్కలిలో నాలుగు ముక్కలు చదువుకొని ఇంటికొచ్చి కూర్చున్నాను. అక్కుపల్లి పక్కన మాకు కొబ్బరితోట. ఉద్దానం ఇసకదారుల్లో బళ్ళు ఇరుసుల దాకా దిగబడిపోయేవి. అందుకని కొబ్బరికాయలూ పీచుతాళ్ళూ పడవ మీద బారువ రేవుకు పంపేవాళ్ళం.

"పడవ ఆడిది, సరుకు మనది. నువ్వూ కూడా ఎల్లు. ఒడ్డు దాటినాక ఆడేటి సేత్తాడో ఎవుడికి తెల్సు? ఓ కంట కనిపెట్టి ఉండు" అన్నాడు నాన్న. మళ్ళీ, "ఆ సంచీలో ఏటున్నాదో కూడా సూడు" అన్నాడు.

అలా, కనిపెట్టడానికి వెళ్ళినవాణ్ణి నేను. మొదటి రోజే తెలిసింది, అతను నన్ను అంతకంటే గట్టిగా కనిపెడుతున్నాడని.

పొట్టి మనిషి. మెడ లేనట్టుండేవాడు. ఎండకి ఎర్రబడిన కళ్ళు ఎప్పుడూ సగం మూసుకొని ఉండేవి. పడవ ఎక్కేముందు ఒక్కొక్కరి నోటి దగ్గర ముక్కు పెట్టి కల్లు వాసన చూసేవాడు; నన్ను కూడా. వేరే వాళ్ళు వేసిన ముడిని పళ్ళతో పట్టి గుంజి చూసేవాడు. ఊడకపోయినా విప్పేసి తనే మళ్ళీ వేసేవాడు. తాగే నీళ్ళ కుండలో నీళ్ళు ముందు తను ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, అప్పుడు మాకు ఇచ్చేవాడు. "నీకు ఈతొచ్చునా?" అని పొద్దున్న అడిగాడు, మధ్యాహ్నం అడిగాడు, దిగేముందు అడిగాడు. మూడుసార్లూ ఒకే జవాబు చెప్పినందుకు సంతోషించాడో లేదో ముఖంలో ఏమీ కనిపించలేదు.

గంగమ్మను సైతం అతను పూర్తిగా నమ్మేవాడు కాడు. వెళ్ళేటప్పుడు కొబ్బరికాయ కొట్టి ఒక్క చిప్పే నీళ్ళలో వేసేవాడు. రెండో చిప్ప గోచీలో దోపుకొనేవాడు.

"అదేమిటి తండేలూ, తల్లికి సగమేనా?" అన్నాను ఒకసారి.

"మిగతాది తిరిగొచ్చినాక ఇత్తాను బాబూ. ముందే మొత్తం ఇచ్చెత్తే ఆయమ్మకి మనతో ఏటి పని?"

సముద్రం అలలు లేకుండా చాప పరిచినట్టుంటే మిగతావాళ్ళు సంతోషించేవాళ్ళు. అతను మాత్రం ఇసకలో చతికిలబడి చాలాసేపు దాన్నే చూస్తూ, "ఇంత బాగున్నాదేటి? ఏటో ఉన్నాది" అని గొణిగేవాడు.

ఇక సంచి. పడవ ముక్కు లోపల, చుట్టచుట్టి, తాడుతో కట్టి ఉండేది. ఎవరూ ముట్టుకోకూడదు. బర్మాలో రంగం వెళ్ళి ఓడల మీద కొన్నేళ్ళు పనిచేసి వచ్చినప్పుడు తెచ్చాడట. అందులో నల్లమందు ఉందనేవాళ్ళు కొందరు. మనిషి ఎముకలున్నాయనేవాళ్ళు ఇంకొందరు. మూడో ప్రయాణంలో బారువలో అతను రేవు మెట్లెక్కగానే నేను దాన్ని విప్పాను. పాత తెరచాప గుడ్డతో కుట్టిన పెద్ద గరాటు లాంటిది. వెడల్పు మూతికి పీపాకు బిగించే ఇనుప పట్టా. రెండో చివర చిన్న కన్నం. లోపల ఏమీ లేదు. మళ్ళీ చుట్టి కట్టేశాను.

మర్నాడు పడవ సగం దూరం వచ్చాక, నా వైపు చూడకుండానే అన్నాడు. "బాబూ, ముడి కుడిపక్కకి ఏసినావు. నాను ఎడంపక్కకి ఏత్తాను."

తల వంచుకున్నాను. "దేనికది?"

"నీళ్ళు పట్టడానికి."

"సముద్రం మధ్యన నీళ్ళు పట్టడమేమిటి?"

"గాలేసినప్పుడు తెలుత్తాది" అన్నాడు. ఆ జవాబు నాకు ఎముకల కంటే ఎక్కువ అనుమానం కలిగించింది. అడుగున కన్నం ఉన్న సంచితో నీళ్ళు పట్టే మనిషిని ఎలా నమ్మడం?

ఊరి అనుమానం మాత్రం సంచి దగ్గర మొదలు కాలేదు. నేను ఆ పడవ ఎక్కడానికి పదకొండేళ్ళ ముందు అతనూ, అతని బావమరిదీ ఇద్దరే వేటకు వెళ్ళారు. గాలివాన పట్టుకుంది. మూడో రోజున అతనొక్కడే తిరిగొచ్చాడు. పడవకు ఒక పలకైనా ఊడలేదు. తెడ్లున్నాయి, తెరచాప ఉంది, సంచి ఉంది. మనిషే లేడు. "కెరటం తీసుకుపోనాది" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకో మాట ఎవరూ అతని నోట రప్పించలేకపోయారు. వారం తిరక్కుండా అతని భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. తమ్ముణ్ణి మింగిన పడవ తెచ్చే కూడు తిననంది. మళ్ళీ రాలేదు.

చనిపోయినవాడి పెళ్ళాం అక్కుపల్లిలోనే ఉండిపోయింది. ఎత్తరి, బక్కమనిషి. ఒక్కడే కొడుకు. ఆమె చేసే పని ఒకటుండేది. అతని పడవ ఎప్పుడు ఒడ్డుకు చేరినా సరే, ఎక్కడున్నా వచ్చి నీళ్ళ అంచున నిలబడేది. దిగే మనుషుల్ని వేలు పెట్టి పైకి లెక్కపెట్టేది. "ఒకటి... రెండు... మూడు... నాలుగు." లెక్క సరిపోగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. అతనితో మాట్లాడేది కాదు. అతనూ ఆమె వైపు చూసేవాడు కాడు. కాని ఆమె లెక్క పూర్తయ్యేదాకా పడవ దగ్గర్నుంచి కదిలేవాడు కాడు. మొదటిసారి నన్ను "నాలుగు" అన్నప్పుడు ఆమె వెళ్ళేదాకా నేనూ కదల్లేదు.

ఒకరోజు ఆమె మా తోట దగ్గర నన్ను ఆపింది. "బాబూ, సదువుకున్నోడివి. నీతో ఏటైనా సెప్పినాడా?"

"లేదమ్మా."

"సెప్తాడు. పడవలో మనిషి మనిషికి సెప్తాడు. సెప్పినప్పుడు నాకు దాయకు బాబూ."

దాయనని మాటిచ్చాను.

మరుసటి కార్తీకంలో అతను ఒక ఉదయం బయలుదేరనన్నాడు. ఆకాశం కడిగినట్టుంది. గాలి లేదు. "ఇంత బాగున్నాదేటి?" అని కూర్చున్నాడు. బారువలో ఓడ సరుకు కోసం ఆగి ఉందని నేను తొందరపెట్టాను. అతను కావాలనే ఆలస్యం చేస్తున్నాడనీ, వేరెవరి సరుకో ముందు వెళ్ళాలని చూస్తున్నాడనీ నాకు అనుమానం. ఆ మాట అనేశాను కూడా. అతను నన్ను చాలాసేపు చూసి లేచాడు. చిప్ప నీళ్ళలో వేశాడు. తెడ్లవాళ్ళిద్దరూ, నేనూ, అతనూ ఎక్కాం.

రెండు జాములు గడవకముందే ఈశాన్యం నల్లబడింది. ముందు చల్లగాలి, ఆ వెనకే కెరటాలు. ఒడ్డుకు తిప్పుదామని నేను అరిచాను. "ఒడ్డు దగ్గర కెరటాలు ఇరుగుతన్నాయి, పడవ తిరగబడిపోతాది" అన్నాడు అతను. రాతి లంగరు వేస్తే ఇసకలో ఆగకుండా జారిపోయింది. పడవ అడ్డంగా తిరిగింది. ఒక కెరటం పక్కనుంచి ఎక్కి మోకాలి దాకా నీళ్ళు నింపేసింది. కాయలు సగం పారబోశాం. అవి చుట్టూ తలకాయల్లా లేస్తూ మునుగుతూ తేలాయి. మిగిలిన కాయల గుట్టకు అవతల, పడవ వెనక భాగంలో, తెడ్లవాళ్ళు తలెత్తకుండా నీళ్ళు తోడిపోస్తున్నారు.

అప్పుడతను సంచి విప్పాడు. ఇనుప మూతికి కట్టిన నాలుగు తాళ్ళూ ఒక పొడుగాటి మోకుతాడుకు ముడేసి ఉన్నాయి. మోకు రెండో కొసను పడవ ముక్కుకు బిగించి సంచిని నీళ్ళలోకి విసిరాడు. అది కాసేపు తేలి, నీళ్ళు మింగి, మునిగిపోయింది. గాలి పడవను వెనక్కి తోస్తూంటే మోకు సాగింది, సాగింది, ఇనుప కడ్డీలా బిగుసుకుపోయింది. పడవ మెల్లగా ముక్కు తిప్పి కెరటాలకు ఎదురుగా నిలబడింది.

ఇవాళ చెప్పమంటే చెప్పగలను. నీళ్ళు నిండిన సంచి పడవంత వేగంగా కదలలేదు, వెనక్కి పట్టి లాగుతుంది, అందుకే ముక్కు గాలివైపే ఉంటుంది. ఆ రోజు నాకు కనిపించింది వేరు. కెరటం వచ్చినప్పుడల్లా మోకు పడవ ముక్కును కిందికి గుంజుతోంది. ముక్కు మీదుగా నీళ్ళు లోపలికి పడుతున్నాయి. ఈ మనిషి మమ్మల్ని ముంచడానికే ఆ మాయదారి సంచిని దింపాడనుకున్నాను. బావమరిదినీ ఇలాగే ముంచాడనుకున్నాను. కాయలు కొట్టే కత్తి నా కాలి దగ్గరే ఉంది. దాన్ని పట్టుకొని ముక్కు దగ్గరికి పాకాను. మోకు మీద కత్తి ఎత్తాను.

అతను అరవలేదు. అతని కుడిచేతి పక్కనే తెడ్డు ఉంది. దాని వైపు ఒకసారి చూశాడు. చూసి, కాలితో దూరంగా తన్నేశాడు. తర్వాత ఎడమ అరచెయ్యి తెచ్చి మోకు మీద పరిచాడు.

"కొయ్యి బాబూ. సేతి మీద నుంచే కొయ్యి."

నా చెయ్యి పైనే ఉండిపోయింది. ఇంకో కెరటం వచ్చింది. పడవ దాని మీదికెక్కి, అవతలికి దిగింది. నిలబడే ఉంది. మరొకటి వచ్చింది. దాన్నీ ఎక్కి దిగింది. నేను కత్తి కింద పెట్టేశాను. నాకు ఏడుపొచ్చింది.

అతను మోకు మీద చెయ్యి తియ్యకుండా, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "మా బావమరిదీ ఇలగే కత్తట్టుకొని వచ్చినాడు. సంచి ములిపేత్తాదన్నాడు. ఒద్దురా అన్నాను, ఇనలేదు. ఆయాల నా సేతిలో తెడ్డున్నాది. కొట్టినాను. సేతి మీదే కొడదామనుకున్నాను బాబూ. తల మీద పడినాది. ఆడు నీళ్ళలో పోనాడు."

"అతని కోసం నువ్వు దూకలేదా?"

"దూకలేదు. మోకు అట్టుకొని ఉండిపోనాను." కాసేపటికి మళ్ళీ అన్నాడు. "నువ్వు సెప్పకు. నానే సెప్తాను."

సాయంత్రానికి గాలి తగ్గింది. సంచి లాగుతున్నా పడవ మెల్లమెల్లగా దక్షిణానికి కొట్టుకొచ్చి మళ్ళీ అక్కుపల్లికే చేరింది. ఊరంతా ఒడ్డునే ఉంది. అతను చెప్పడని నా నమ్మకం. ప్రాణభయంలో అన్న మాట ఒడ్డు తగలగానే ఎగిరిపోతుందనుకున్నాను.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు" అని లెక్కపెట్టి ఆమె వెనక్కి తిరిగింది.

"సెల్లెమ్మా" అన్నాడు అతను.

పన్నెండేళ్ళలో మొదటి పిలుపు. ఆమె ఆగింది.

"ఆణ్ణి కెరటం తీసుకుపోలేదు. మోకు కోత్తానంటే తెడ్డెట్టి కొట్టినాను. ఆ దెబ్బకి పోనాడు."

ఆమె అడిగింది. "నీళ్ళలో పడినాక పిలిచినాడా?"

"పిలిచినాడు."

"ఏటని?"

"బావా అని. రెండు మార్లు."

ఆమె తడి ఇసకలో కూర్చుండిపోయింది. కొడుకు, అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు, తెడ్డు తీసుకొని అతని మీదికి వచ్చాడు. ఆమె కూర్చునే కొడుకు కాలు పట్టుకొని ఆపింది.

"ఆగరా. పన్నెండేళ్ళు అబద్దం సెప్పినోడు ఇయ్యాల నిజం సెప్పినాడని ఏటి నమ్మకం?" తర్వాత అతని వైపు తిరిగింది. "ఇయ్యాలే ఎందుకు సెప్తన్నావు? ఏటి కావాల నీకు?"

అందరూ అదే అన్నారు. ఎందుకివాళ? ఏ లాభానికి? కావాలని కొట్టి, ఇప్పుడు మోకు కథ అల్లుతున్నాడా?

అతను నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కత్తి ఎత్తిన సంగతి చెబితే ఎందుకివాళ అనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బావమరిది కత్తి పట్టుకొని రావడం కూడా నమ్మే మాటే అవుతుంది. అతను చూపు తిప్పేసుకున్నాడు. "మనసైనాది. సెప్పినాను" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. పక్కనే మా నాన్న నిలబడి ఉన్నాడు. ఊరి రైతు కొడుకు భయంతో కత్తెత్తాడని, ఏడ్చాడని ఆ జనంలో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తీరం తగువు తీరంలోనే తెగింది. పెద్దలు కూర్చొని, అతను ఇక నీళ్ళలో కాలు పెట్టకూడదన్నారు. పడవ ఆమె కొడుక్కి ఇచ్చెయ్యమన్నారు. "అలగే" అన్నాడు. పడవ ఇచ్చాడు. సంచి కూడా ఇవ్వబోతే, మనిషిని తిన్న సంచి మాకెందుకని ఎవరూ తీసుకోలేదు. ఆ తర్వాత అతను గుడిసె ముందు వలలు బాగుచేస్తూ కూర్చొనేవాడు. కెరటం వచ్చి ఆగే గీతకు నాలుగడుగులు ఇవతలే ఆగిపోయేవాడు.

రెండేళ్ళకు గాలివానలో పక్క ఊరి పడవ ఒకటి అడ్డం తిరిగి మునిగింది. ముగ్గురు పోయారు. వాళ్ళ దినాలు కాగానే ఆమె కొడుకును వెంటబెట్టుకొని అతని గుడిసె ముందుకు వచ్చింది. వల తాళ్ళు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ సంచి తియ్యి. నీళ్ళెలగ పట్టుకుంతాదో సూడాల" అంది.

తీశాడు. తల్లీ కొడుకూ దాన్ని నీళ్ళలోకి తీసుకుపోయారు. అతను తడిలేని ఇసక మీదే నిలబడ్డాడు. కొడుకు సంచి విసిరాడు. మోకు ఆమె తీసుకొని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది.

"సేతికి సుట్టుకోకు సెల్లెమ్మా! ఒట్టినే అట్టుకో!" అని అతను ఒడ్డునుంచి కేక పెట్టాడు.

ఆమె వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది. ఎంతసేపు చూసిందంటే, నేనే పరిగెత్తి ఆ మోకు విప్పుదామనుకున్నాను. చివరికి ఆమె చుట్లు విప్పింది. మరుక్షణమే కెరటం వెనక్కి లాగింది. సంచి నిండింది. మోకు ఆమె అరచేతుల తోలు ఒలుచుకొని జర్రున పోయింది. చుట్లు ఉండి ఉంటే మనిషే పోయేది. కొడుకు ఈది వెళ్ళి మోకు కొస అందుకున్నాడు. ఆమె రక్తం కారుతున్న చేతుల్ని ఉప్పునీళ్ళలో ముంచుకొని ఒడ్డెక్కింది.

"మా ఆడికొకటి కుట్టు" అంది. అంతే. ఇంకో మాట లేదు. అన్నా అని పిలవలేదు.

అతను కుట్టాడు. తర్వాత ఇంకొకరు అడిగారు. దబ్బనం పట్టుకొని అలా ఎన్ని కుట్టాడో నాకు తెలీదు. నేను కాపురం పలాసకు మార్చేశాను. తోటకు వెళ్ళినా అతని గుడిసె వైపు వెళ్ళడం మానేశాను. వెళ్తే అతను ఏమీ అడగడని నాకు తెలుసు. అందుకే వెళ్ళలేదు.

అతను పోయిన పదో రోజున అక్కుపల్లి వెళ్ళాను. ఒడ్డున వరసగా పడవలు. ప్రతి పడవ ముక్కులోనూ చుట్టచుట్టిన సంచి. బావమరిది భార్య తన కొడుకింటి ముందు నులక మంచం మీద కూర్చొని ఉంది. జుట్టు తెల్లబడిపోయింది. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది.

"కొరివి మా ఆడే ఎట్టినాడు బాబూ. ఎట్టమన్నది నానే. ఎవులూ లేరు గదా."

"మంచిపని చేశావమ్మా."

"సంచి మంచిది బాబూ. దాని మాట నిజమే. మనిషి సంగతే నాకింకా తెల్దు. నిజంగా మోకు కోత్తానంటేనే కొట్టినాడా, ఇంకేటైనా పగున్నాదా? రోజూ అనుకుంతాను. ఆడు పోనాక కూడా అనుకుంతన్నాను."

అప్పుడు చెప్పాను. ఆ రోజు నా చేతిలో కత్తి ఉందని, మోకు మీద ఎత్తానని, అతను తెడ్డును దూరంగా తన్నేసి తన చెయ్యి అడ్డం పెట్టాడని, అందుకే ఆ సాయంత్రం నోరు విప్పాడని, మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

విన్న తర్వాత తన అరచేతుల్ని చూసుకుంది.

"దాయనని మాటిచ్చినావు గదా బాబూ" అంది.

"ఇచ్చాను."

"ఇన్నేళ్ళు దాచినావు. ఇయ్యాల సెప్తన్నది నిజమేనని ఏటి నమ్మకం?"

నేను లేచాను. ఆమె మంచం దిగలేదు, వెళ్ళిరమ్మని అనలేదు. ఇసక దారి మలుపు తిరిగేదాకా ఆమె చూపు నా వీపు మీదే ఉందని, వెనక్కి తిరిగి చూడకపోయినా, నాకు తెలుస్తూనే ఉంది.